ఆ కడెం యాడికి పాయె?

ప్రశ్న: మాది తాడిపత్రి. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నా. పోయిన వారం మా జేజిని, తమ్ముణ్ని పిలుచుకొని అనంతపురంలో ఒక పెద్ద సినిమా రెండో భాగానికి పోయినాను. మూడు గంటల పద్దెనిమిది నిమిషాలు. మొదటి భాగం నాకు ప్రాణం, నాలుగుసార్లు చూసినా. దాని చివర్లో విలన్, హీరో వాళ్ల నాయన చేతికుండే వెండి కడెం గుంజుకొని తన చేతికి వేసుకుంటాడు. రెండో భాగంలో ఇంటర్వెల్ అయినాక ఓడ మీద ఫైటు, ఉత్తరాది నుంచి వచ్చిన ఒక పోలీసు కథ, రెండు పాటలు. అంతసేపూ విలన్ కనపడడు. ఆఖర్న అప్పుడే వచ్చిన ఇంకెవడో వాణ్ని కాల్చేస్తాడు. ముసుగు మనిషి ఒకడు వీపు చూపిస్తాడు, ‘మూడో భాగం’ అని పడుతుంది. మెట్లు దిగుతా మా జేజి ‘ఆ కడెం యాడికి పాయెనే?’ అనింది. కాలేజీ పత్రికకు సమీక్ష రాయమన్నారు. ‘బాగా ల్యాగ్, క్లైమాక్స్ బాలేదు’ అని తప్ప నాకు మాట రావడంలేదు. తమ్ముడు ఆ హీరో అభిమాని, నేను నోరు తెరిస్తే కొట్లాటే. ఏం రాయాల, ఎట్లా రాయాల?

సమాధానం: సినిమా పేరు మీరు రాశారు. ముగింపు గురించి దాపరికం లేకుండా మాట్లాడాలి కాబట్టి, ఇంకా చూడనివాళ్ల కోసం ఆ పేరు ఇక్కడ వేయడం లేదు. మీకు మాట రాలేదంటున్నారు గానీ, రావాల్సిన మాట మీ జేజికి మెట్ల మీదే వచ్చేసింది. ఆమె ‘బాగుంది’ అనలేదు, ‘బాలేదు’ అనలేదు. కథ తనకు ఇవ్వాల్సిన బాకీ ఒకటి ఎగ్గొట్టి పోయిందని గుర్తుపట్టి అడిగింది. సమీక్ష రాసేవాళ్లకు ఉండాల్సిన మొదటి లక్షణం అదే.

ముందు నిడివి సంగతి చూద్దాం. ‘మూడు గంటల పద్దెనిమిది నిమిషాలా!’ అని సమీక్ష మొదలుపెట్టకండి. నిడివి ఒక్కటే నేరమైతే మన సినిమా చరిత్రలో సగం కొట్టేయాలి. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ మూడు గంటలు దాటుతుంది. 1977 సంక్రాంతికి వచ్చిన ‘దాన వీర శూర కర్ణ’ నాలుగు గంటలకు దగ్గర. 2024 డిసెంబరులో విడుదలైన ‘పుష్ప 2’ 200 నిమిషాలు, అది ఆడుతుండగానే 2025 జనవరిలో ఇంకో 20 నిమిషాలు కలిపారు. జనం పోయి చూశారు. అదే 2024 జులైలో వచ్చిన ‘భారతీయుడు 2’ నుంచి, విడుదలైన రెండు మూడు రోజుల్లోనే 12 నిమిషాలు తీసేశారు. అది మూడు గంటల సినిమానే, ‘పుష్ప 2’ కన్నా చిన్నది. కాబట్టి నిమిషాలు ఎన్ని అని కాక, ఆ నిమిషాల్లో ఏం జరిగిందని అడగాలి.

మీ పాత ఉమ్మడి అనంతపురం జిల్లాలోనే దీనికి ఇంకా పాత సాక్ష్యం ఉంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మలాట కళాకారులకు పేరున్న ఊరు. వాళ్ల ఆట రాత్రి భోజనాలయ్యాక మొదలైతే తెల్లారేదాకా సాగేది. ఊరంతా కూర్చునేది. ఎట్లా కూర్చుంది? కథ ఒక ఘట్టం ముగించగానే జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు తెర మీదికొచ్చి నవ్వించేవాళ్లు. పిల్లలు ఓ కునుకు తీసేవాళ్లు, పెద్దవాళ్లు ఒళ్లు విరుచుకునేవాళ్లు. మళ్లీ యుద్ధం రాగానే అందరూ నిటారుగా కూర్చునేవాళ్లు. ఆ ఆటలో బిగింపు ఉంది, సడలింపు ఉంది. మీరు చూసిన సినిమాలో ప్రతి సీనూ గొంతు చించుకుని అరిస్తే, ప్రతి నడకకూ డప్పులు మోగితే, చెవికీ మెదడుకూ సడలింపు ఎక్కడ దొరుకుతుంది? మీకు ‘ల్యాగ్’ అనిపించడానికి అది కూడా ఒక కారణమే. సమీక్షలో ‘సుదీర్ఘం’ అని రాసే చోట ‘విరామం లేదు’ అని రాయగలిగితే మీ మాట సరిగ్గా తగులుతుంది.

నిమిషాలు ఎక్కడ పెరుగుతాయో లెక్క తెలిస్తే రాయడం తేలిక. సినిమా సెకనుకు 24 ఫ్రేముల లెక్కన ఆడుతుంది. హీరో నడకను సెకనుకు 96 ఫ్రేములతో తీసి 24తో ఆడిస్తే కాలం నాలుగింతలు సాగుతుంది. రెండు సెకన్ల నడక ఎనిమిది సెకన్లు అవుతుంది, అంటే ఒక్కో షాటుకు ఆరు సెకన్లు అదనం. అట్లాంటి ఎలివేషన్ షాట్లు 60 ఉంటే కథ అంగుళం కదలకుండానే ఆరు నిమిషాలు ఖర్చు. దీనికి మొదటి భాగాన్ని గుర్తుచేసే ముక్కలు, అయిదేసి నిమిషాల పాటలు, పక్క రాష్ట్రాల మార్కెట్ కోసం తెచ్చిన నటులకు తలా ఒక పరిచయ సన్నివేశం కలపండి. మీరు చెప్పిన ఉత్తరాది పోలీసు అట్లా వచ్చినవాడే కావచ్చు. ఆ పాత్ర ఉండటం తప్పుకాదు. అతను వచ్చి హీరో దారి మార్చాడా, లేక దారి పక్కన నిలబడి పోయాడా అన్నది చూడాలి.

రీళ్ల కాలంలో దీనికి ఒక కళ్లెం ఉండేది. 35 ఎం.ఎం. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు పరిగెత్తుతుంది. మీ సినిమా 198 నిమిషాలు కాబట్టి 17,820 అడుగులు, వెయ్యడుగుల రీళ్లు పద్దెనిమిది. ప్రతి ప్రింటుకూ ప్రతి అడుగుకూ డబ్బు కట్టాలి కాబట్టి నిర్మాత, డిస్ట్రిబ్యూటరు ఇద్దరూ ఎడిటర్ భుజం మీద నుంచి తొంగిచూసేవాళ్లు. ఇప్పుడు సినిమా హార్డ్ డిస్కులోనో శాటిలైట్ ద్వారానో థియేటరుకు చేరుతుంది. అరగంట ఎక్కువైనా ప్రింటు ఖర్చు పెరగదు.

కళ్లెం బయటి నుంచి పడనక్కర్లేని మనిషి ఒకరు మీ ఊళ్లోనే పుట్టారు. ‘మాయాబజార్’ తీసిన కె.వి.రెడ్డి 1912లో తాడిపత్రిలో పుట్టారు. ఆయన స్క్రిప్టు దశలోనే స్టాప్‌వాచ్ పట్టుకుని సన్నివేశం నిడివి కొలిచి, సెట్ మీద ఆ కొలతకు కట్టుబడేవారని ఆయన దగ్గర పనిచేసినవాళ్లు చెబుతూ వచ్చారు. మూడు గంటల సినిమా అయినా ‘ఇది తీసేద్దాం’ అనిపించే చోటు వెతుక్కోవాల్సి రావడం వెనక ఉన్నది ఆ కొలత. మీ కాలేజీ పత్రికలో ఈ ఒక్క మాట రాసినా తాడిపత్రి పాఠకులకు ఒంటబడుతుంది.

ఇక మీరు చేయాల్సిన పని. ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకోండి. ఎవరి సమీక్షా చదవకుండా, యూట్యూబ్ చూడకుండా, సినిమాను మొదటి నుంచి గుర్తున్నంత వరకూ సీన్ల వారీగా రాయండి. ఒక్కో సీనుకు ఒక్క వరుస చాలు. పక్కన మూడు గడులు గీయండి. మొదటి గడిలో సుమారు ఎన్ని నిమిషాలు, రెండో గడిలో ఈ సీనులో కొత్తగా ఏం తెలిసింది, మూడో గడిలో ఈ సీను లేకపోతే తర్వాతి సీను ఆగిపోతుందా. మూడు గంటల తెలుగు సినిమాలో డెబ్బై నుంచి వంద దాకా సీన్లు ఉండొచ్చు. మీకు నలభయ్యో యాభయ్యో గుర్తొస్తాయి. కంగారు పడకండి, గుర్తురాని చోటు కూడా మీకు సమాచారమే. వరుసగా ఏడెనిమిది సీన్లు ఖాళీగా ఉన్నాయంటే మీ మనసు కథను వదిలేసి పక్కకు పోయిన చోటు అదే. అక్కడ పెన్సిల్‌తో గీత గీసుకోండి.

చాలామంది ఇక్కడ ఒక తప్పు చేస్తారు. ‘క్లైమాక్స్ బాలేదు’ అన్న భావన చివరి పది నిమిషాల్లో కలుగుతుంది కాబట్టి లోపం కూడా ఆ పది నిమిషాల్లోనే ఉందనుకుంటారు. సాధారణంగా అది గంట ముందే జరిగిపోయి ఉంటుంది. మీ ఉత్తరమే చూడండి: ఇంటర్వెల్ తర్వాత విలన్ చాలాసేపు కనపడడన్నారు. అక్కడ తెగింది దారం. యాభై నిమిషాలు శత్రువు కనపడకపోతే, అతను ఏం పన్నుతున్నాడో మనకు తెలియకపోతే, వాడి మీదున్న కోపం చల్లారిపోతుంది. చల్లారిన కోపం మీద ఎంత పెద్ద పేలుడు పేల్చినా వేడెక్కదు. చివర్లో వాణ్ని ఎవరు చంపితే ఏమిటి అన్నంత దూరం వెళ్లిపోతాం. ఓడ మీది ఫైటు ఎంత బాగా తీసినా, అందులో విలన్‌కు గానీ కడేనికి గానీ సంబంధం లేకపోతే అది ముగింపు నుంచి దొంగిలించిన సమయమే.

సీన్ల పట్టీ అయ్యాక ఇంకో పేజీలో బాకీల పట్టీ రాయండి. మొదటి భాగం చివర్లోనూ, రెండో భాగం మొదటి అరగంటలోనూ కథ మీకు ఏమేం ఆశపెట్టిందో ఒక్కొక్కటే రాయండి. ప్రతిదానికీ మూడు ప్రశ్నలు: తీర్చిందా, ఎవరు తీర్చారు, అందుకోసం ఏం పోగొట్టుకున్నారు. మన పాత నాటకశాస్త్రంలో దీనికి చక్కటి మాటలున్నాయి. కథ మొదట్లో వేసేది బీజం. చివరి సంధి, అంటే కథలో చివరి భాగం, పేరు నిర్వహణం. చెల్లాచెదురుగా వేసిన బీజాలన్నీ ఒక్క ఫలం వైపు వచ్చి చేరడమే నిర్వహణం. కడెం బీజం. అది ఫలం దాకా రాలేదు. జేజి అడిగిందీ, నాట్యశాస్త్రంలో భరతముని చెప్పిందీ ఒకటే.

ఇప్పుడు ఆ కడేన్ని ఇంకొంచెం దగ్గరగా చూద్దాం. మొదటి భాగం చివరి షాటులో అది విలన్ మణికట్టు మీదికి ఎక్కింది. అంటే తండ్రి చేతి గౌరవం శత్రువు చేతిలో ఉంది, కొడుకు దాన్ని తెచ్చుకోవాలి. ఇన్నాళ్లూ ప్రేక్షకుడు ఎదురుచూసింది విలన్ చావు కోసం కాదు, ఆ చెయ్యి ఖాళీ కావడం కోసం. రెండో భాగంలో వాణ్ని వేరేవాడు దూరం నుంచి తుపాకితో కాల్చేశాడు. చావు వచ్చింది, చెయ్యి ఖాళీ కాలేదు. పడిపోయిన చేతి నుంచి హీరో దాన్ని తీసుకునే నలభై సెకన్లు ఉన్నా, లేక తీసుకోకుండా వదిలేసి పోయినా (అది ఇంకా పెద్ద మాట చెప్పేది) కొంత ఊరట ఉండేది. కొంతే. ఎందుకంటే మధ్యలో గంటసేపు ఆ కడెం చుట్టూ పోరాటం జరగలేదు. జరిగి ఉంటే ఆ నలభై సెకన్లకు థియేటర్ లేచి నిలబడేది. సమీక్షలో ‘ఇలా తీయాల్సింది’ అని కథ తిరగరాయొద్దు. ‘ఫలానాది ఆశపెట్టి, ఫలానాది ఇచ్చారు’ అంటే సరిపోతుంది.

మొదటి భాగం ప్రశ్నతో ఆగడంలో తప్పులేదు. 2015 జులైలో ‘బాహుబలి’ మొదటి భాగం కట్టప్ప కత్తిపోటుతో ఆగింది, 2017 ఏప్రిల్ దాకా రాష్ట్రమంతా ఒకే ప్రశ్న అడిగింది. జవాబు రెండో భాగం చివర్లో పెట్టలేదు, ఇంటర్వెల్ తర్వాతి ఫ్లాష్‌బ్యాక్‌లోనే ఇచ్చారు. అది ఎవరో కొత్తవాడి వల్ల జరిగింది కాదు. మనకు తెలిసిన శివగామి కోపం, కట్టప్ప కట్టుబాటు, బిజ్జలదేవుడి కుట్ర, ఈ మూడూ కలిసి అక్కడికి తెచ్చాయి. అయితే పెద్ద ప్రశ్న తీరిపోయాక వచ్చిన చివరి యుద్ధానికి అంత బిగువు లేదనిపించడం కూడా నిజం. బాకీ తీర్చడమే కాదు, ఎప్పుడు తీర్చాలన్నదీ ముగింపు బలాన్ని నిర్ణయిస్తుంది.

మూడో భాగం ప్రకటన సంగతి వేరుగా రాయండి. ఇంకో భాగం ఉండటం మోసం కాదు. తిక్కన విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు, ఎర్రన అరణ్యపర్వశేషం పూరించాడు. ఏ పర్వానికాపర్వం దాని ముగింపు దానికి ఉంది. టికెట్ కొన్నవాడికి ఆ పూట కథ ఆ పూట ముగియాలి, పెద్ద కథ మిగలొచ్చు. మీ సినిమాలో పూట కథ ముగియలేదు. అది లోపం. ముసుగు మనిషి వీపు కాదు.

‘అంత పెద్దవాళ్లకు ఈ మాత్రం తెలియదా, ఎందుకు కోయలేదు?’ అని మీ తోటివాళ్లు అడుగుతారు. తెలుస్తుంది. కానీ విడుదల తేదీ ముందే ఖరారవుతుంది. గ్రాఫిక్స్ షాట్లు ఆఖరి రోజుల్లో వస్తాయి, కోట్లు పోసి చేయించినదాన్ని పక్కన పెట్టడానికి చెయ్యి రాదు. విడుదలయ్యాక కోయడం ఇంకా కష్టం. బొమ్మను కోస్తే దానితోపాటు నేపథ్య సంగీతం తెగుతుంది. సౌండ్ మిక్స్ మళ్లీ అతకాలి, నాలుగైదు భాషల్లోనూ అదే పని చేయాలి, మార్పును సెన్సారు బోర్డుకు చూపించి ఒప్పించుకోవాలి, కొత్త ప్రతిని ప్రతి థియేటరుకూ పంపాలి. అందుకే విడుదల తర్వాతి కోతల్లో ఎక్కువగా ఒక పాటో, పూర్తి సీనో ఎగిరిపోతుంది తప్ప, ప్రతి సీనులో నాలుగు సెకన్ల సాగతీత అలాగే ఉండిపోతుంది.

ఒళ్లు అలసటను, కథ అలసటను కలిపేయకండి. 198 నిమిషాలకు ఇంటర్వెల్ 15, ప్రకటనలు 10 కలిపితే 223. సాయంత్రం ఆరు షోకి పోతే బయటపడేసరికి పది కావస్తుంది, ఆపైన తాడిపత్రికి 60 కిలోమీటర్ల దాకా ప్రయాణం. మీ జేజి మోకాళ్లు అప్పటికి ఏమై ఉంటాయో చెప్పక్కర్లేదు. ఆఖరి అరగంటలో ‘బస్సు దొరుకుతుందా’ అని ఒక్కసారైనా అనుకుని ఉంటే ఆ అరగంట మీద మీ తీర్పు కొంచెం వంకరగా ఉంటుంది. ఓటీటీలో వచ్చాక ఇంటర్వెల్ తర్వాతి భాగం మాత్రం పగటి పూట ఇంకోసారి చూడండి. అప్పుడూ అదే చోట విసుగొస్తే లోపం సినిమాదే, ధైర్యంగా రాయండి. ఇప్పటినుంచి ఇంత పొడవు సినిమాకు పెద్దవాళ్లతో పోయేటప్పుడు మ్యాటినీ ఎంచుకోండి, నడవ పక్క సీట్లు తీసుకోండి.

రాసేది నాలుగు వందల మాటలు దాటనివ్వకండి. మొదటి రెండు వాక్యాల్లో మొదటి భాగం మిమ్మల్ని ఏ ఆశతో పంపిందో చెప్పండి. మూడో వాక్యంలో జేజి ప్రశ్న, ఆమె అన్నది అన్నట్టే, మన యాసలోనే. తర్వాత ఇంటర్వెల్ అయ్యాక విలన్ మాయమైన సంగతి. బాగున్నవాటికి ఒక పేరా పూర్తిగా ఇవ్వండి. నాలుగుసార్లు చూసిన మొదటి భాగం మీద మీకున్న ప్రేమ కనపడితేనే రెండో భాగం మీద మీ నొప్పికి విలువ. ‘ల్యాగ్’ అన్న మాట ఒక్కసారి కూడా వాడకుండా రాసి చూడండి, ఆ మాట బదులు ఏ సీను ఎందుకు సాగిందో రాయక తప్పదు. ముగింపు బయటపెట్టే పేరాకు ముందు ‘చూడనివాళ్లు ఇక్కడ ఆగండి’ అని ఒక వరుస వేయండి. నటుల ఒళ్లు, వయసు, కులం, అభిమానుల తెలివి, వీటి జోలికి పోవద్దు. ఇంకొకటి: ఉదాహరణకని థియేటర్లో ఫోన్‌తో క్లిప్పు తీసి ఎవరైనా ఇస్తే తీసుకోకండి. 2023 చట్ట సవరణ ప్రకారం తెర మీది బొమ్మను అలా రికార్డు చేస్తే కనీసం మూడు నెలల జైలు, మూడు లక్షల జరిమానా.

ఇక తమ్ముడు. అతనితో వాదన ‘బాగుందా, బాలేదా’ అని మొదలైతే అది హీరో మీద పంచాయితీ అయిపోతుంది. అలా మొదలుపెట్టకుండా మీ నోట్‌బుక్ అతని ముందు పెట్టండి. ‘నాకు ఇక్కడ ఎనిమిది సీన్లు గుర్తురావడంలేదురా, నువ్వు చెప్పు’ అనండి. అభిమానికి సినిమా మీకన్నా బాగా గుర్తుంటుంది. ఏ ఫైటు తర్వాత ఏ పాట వచ్చిందో, హీరో ఏ చొక్కాలో ఉన్నాడో సహా చెబుతాడు. చెబుతున్నకొద్దీ రాసుకోండి, మధ్యలో వ్యాఖ్యానం చేయకండి. ఖాళీలన్నీ నిండాక మూడో గడి అతన్నే నింపమనండి: ఈ సీను లేకపోతే తర్వాతిది ఆగుతుందా? ఓడ ఫైటు దగ్గర అతను ఏం రాస్తాడో చూడండి. ‘ఆగుతుంది’ అని రాసి కారణం చెప్పగలిగితే, ఆ కారణం మీకు తట్టనిదైతే, దాన్ని మీ సమీక్షలో తీసుకోండి, అతని పేరు కూడా వేయండి. జేజిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. ఆమె అడగబోయే రెండో ప్రశ్న మీ ఇద్దరికీ తోచకపోవచ్చు.